పడక చెరువులో, కంచం పొలాల్లో: పక్షుల చెరువును కాపాడే పని ఎలా సాగుతుంది

గుంటూరుకు కూతవేటు దూరంలో, పెదకాకాని మండలం ఉప్పలపాడు ఊరి చెరువు గట్టున నిలబడితే చెట్లకు తెల్లపూలు పూసినట్టు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అవన్నీ పక్షులే. పెలికాన్ అని పిలిచే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఒకే కొమ్మ కోసం తోసుకుంటూ ఉంటాయి. చుట్టూ కంచె వేసి, వేటగాళ్లు రాకుండా ఒక కాపలాదారును పెడితే చాలదా, దీనికి వన్యప్రాణి శాస్త్రవేత్త ఎందుకు అని చాలామందికి అనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. పెద్ద గూడబాతు నాలుగైదు కిలోల బరువుంటుంది. రోజుకు కిలో చేపలు తింటుందనుకుందాం. వెయ్యి పక్షులుంటే రోజుకు టన్ను చేపలు కావాలి. ఇప్పుడు పదెకరాల చెరువును ఊహించుకోండి. దాణా వేసి, మందులు చల్లి, కొల్లేరు రైతుల్లా పెంచినా ఎకరానికి ఏడాదికి నాలుగు టన్నులు వస్తే గొప్ప. అంటే మొత్తం 40 టన్నులు. వెయ్యి గూడబాతులకు అది 40 రోజుల తిండి. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎగిరేదాకా పట్టేది నాలుగైదు నెలలు. పైగా ఊరి చెరువులో ఎవరూ దాణా వేయరు.

కాబట్టి చెరువు పక్షికి పడకగది మాత్రమే. దాని వంటిల్లు ఎక్కడో కాలువల్లో, వరి మళ్లలో, చేపల చెరువుల్లో ఉంది. మనం కంచె వేసేది పడకగదికి. ఈ పనిలోని చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

ముందు చట్టం సంగతి

అన్నిటినీ కలిపి 'శాంక్చురీ' అనేస్తుంటాం. చట్టం మాత్రం వేరు చేసి చూస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం 18వ సెక్షన్ కింద ప్రకటించినది అభయారణ్యం, 35వ సెక్షన్ కింద ప్రకటించినది జాతీయ పార్కు. 2002 సవరణతో మరో రెండు రకాలు చేరాయి. ప్రభుత్వ భూమిలో ఏర్పాటు చేసే కన్జర్వేషన్ రిజర్వు 36ఎ సెక్షన్ కిందికి వస్తుంది. ప్రజలు తమ భూమిని స్వచ్ఛందంగా ముందుకు తెస్తే ఏర్పడే కమ్యూనిటీ రిజర్వు 36సి కిందికి వస్తుంది.

కొల్లేరు, కృష్ణా అభయారణ్యాలు నోటిఫై అయినవి. ఉప్పలపాడు ఆ జాబితాలో లేదు. అక్కడ అటవీశాఖ పనిచేస్తున్నా అది పుట్టుకతో ఊరి చెరువే. ఈ తేడాను మొదటి రోజే అర్థం చేసుకోకపోతే జీవశాస్త్రవేత్త ప్రణాళిక కాగితం మీదే ఉండిపోతుంది. అభయారణ్యంలో ఆవాసాన్ని దెబ్బతీసే పని చేయాలంటే 29వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఊరి చెరువులో అలా కాదు, తూము తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లతో మాట్లాడుకోవాలి. అయితే పక్షికి ఉన్న రక్షణ మాత్రం ఎక్కడైనా ఒకటే. చట్టంలో 'వేట' అన్న మాటకు అర్థం చంపడం ఒక్కటే కాదు. షెడ్యూళ్లలో, అంటే చట్టానికి జోడించిన రక్షిత జీవుల జాబితాల్లో, ఉన్న పక్షి గుడ్లు తీయడం, గూడు పాడుచేయడం, కదిలించడం కూడా వేటే.

ఉప్పలపాడులో ఇన్నాళ్లుగా పక్షులు నిలిచాయంటే అందులో పెద్ద వాటా ఊరివాళ్లదే. చట్టబలం తక్కువగా ఉన్నచోట ఊరి మాట బలంగా పనిచేస్తుంది. అందుకే కొత్త బోర్డులు, కొత్త జరిమానాలతో ఊరిని దూరం చేసుకోవడం అక్కడ చేయగల పెద్ద తప్పు.

నీరు: అంగుళాల లెక్క

గూళ్ల చెట్ల కింద నీరు ఎందుకుండాలి? తాగడానికని అనుకుంటారు. అసలు కారణం కాపలా. కింద నీరున్నంతకాలం కుక్క, నక్క, అడవిపంది చెట్టు దాకా రావు. గూటి నుంచి పిల్లలు జారిపడటం ఈ పక్షుల్లో మామూలే. నీళ్లలో పడ్డ పిల్ల ఏదో కొమ్మ పట్టుకుని బతికే అవకాశం కొంత ఉంటుంది. అదే పొడి నేల మీద పడితే ఆ రాత్రే కుక్కల పాలవుతుంది. కుక్కలు ఒకసారి రుచి మరిగితే రోజూ వస్తాయి. అలజడి పెరిగితే గుడ్ల మీద ఉన్న పక్షులు కూడా లేచిపోతాయి. చెరువు ఎండి గూళ్లు ఖాళీ అయ్యాయంటే అది చాలాసార్లు దాహం వల్ల కాదు, కుక్కల వల్ల.

చిక్కేమిటంటే, ఎండాకాలం వచ్చేసరికి కూడా కొన్ని గూళ్లలో పిల్లలు ఉంటాయి. సరిగ్గా అప్పుడే కృష్ణా డెల్టాలో మరమ్మతుల కోసం కాలువలకు నీరు కట్టేస్తారు. కోస్తా ఎండలకు చెరువు నుంచి రోజుకు 7, 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. నెలకు 24 సెంటీమీటర్లు అనుకోండి. నేలలోకి ఇంకేది కలిపితే 30. ఒక ఎకరంలో ఒక సెంటీమీటరు నీరంటే సుమారు 40,500 లీటర్లు. పదెకరాల చెరువులో 30 సెంటీమీటర్లు తగ్గిందంటే 1.2 కోట్ల లీటర్లు పోయినట్టు. పదివేల లీటర్ల ట్యాంకర్లతో నింపాలంటే 1,200 ట్రిప్పులు. సెకనుకు 10 లీటర్లు ఎత్తే మోటారైతే రాత్రింబవళ్లు 14 రోజులు ఆగకుండా నడవాలి.

'అవసరమైతే ట్యాంకర్లు పెడదాం' అని ప్రణాళికలో రాసేవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు. కాలువలు కట్టేసే తేదీ నీటిపారుదల శాఖ ముందే ప్రకటిస్తుంది. ఆ తేదీకి చెరువు పూర్తి మట్టంలో ఉండేలా నింపుకోవడమే చవకైన మార్గం. దానికి చెరువులో సెంటీమీటర్ల గీతలున్న కొలబద్ద ఒకటి పాతాలి. వారానికోసారి ఒకే వేళకు మట్టం చూసి పుస్తకంలో రాయాలి. రెండేళ్ల లెక్క చేతిలో ఉంటే మార్చి మొదట్లోనే మే నెల పరిస్థితి చెప్పేయొచ్చు. ఖర్చు దాదాపు శూన్యం, ఉపయోగం మాత్రం చాలా పెద్దది. అయినా చాలా చెరువుల్లో ముందుగా ఆగిపోయేది ఈ పుస్తకమే.

నీరు మరీ ఎక్కువైనా నష్టమే. ఎర్రకాళ్ల కొంగ ముక్కును నీళ్లలో ముంచి తడుముతూ చేపను పట్టుకుంటుంది. దానికి జానెడు లోతు చాలు, మోకాలి లోతు దాటితే పనికిరాదు. గూడబాతు ఈదుతూ పడుతుంది. నీటికాకి మునిగి పడుతుంది. అందుకే మంచి పక్షుల చెరువుకు ఒకే లోతు ఉండదు. మధ్యలో లోతుగా, అంచుల్లో పళ్లెంలా పలచగా ఉండాలి. పూడికతీత పేరుతో జేసీబీ దింపి గోడల్లా నిట్టనిలువుగా తవ్వేస్తే నీరు ఎక్కువ నిలుస్తుంది, అంచుల్లో మేసే పక్షులు మాత్రం మాయమవుతాయి. తవ్వకం ఒప్పందంలో 'ఎంత మట్టి తీయాలి' అన్నదానితోపాటు 'గట్టు వాలు ఎంత ఉండాలి' అన్నదీ రాయాలి. అడుగు లోతుకు కనీసం నాలుగైదు అడుగుల వెడల్పు ఉండేలా అంచు జారుగా ఉంటే కొంగ నిలబడగలుగుతుంది.

దీనికి తోడు బడ్జెట్ తంటా ఒకటుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరిలో డబ్బు విడుదలైతే నెల లోపల ఖర్చు చూపించాలి. అప్పటికి చెట్ల నిండా గుడ్లు, పిల్లలు ఉంటాయి. చెరువులోకి యంత్రం దింపడానికి వీలైన కాలం చివరి పిల్లలు ఎగిరిపోయాక, వానలు ముదరకముందు ఉండే కొద్ది వారాలే. డబ్బు మురిగిపోతుందన్న భయంతో మార్చిలో పని మొదలుపెడితే ఆ ఏటి సంతానం నాశనమైనట్టే. అలాంటప్పుడు జీవశాస్త్రవేత్త 'ఇప్పుడు వద్దు' అని రాతపూర్వకంగా ఇవ్వాలి. పైవాళ్లకు నచ్చకపోయినా సరే.

చెట్లు: రెట్ట, సర్కారు తుమ్మ, ఇనుప కొమ్మలు

పక్షులు తాము కూర్చున్న కొమ్మనే చంపేస్తాయి. రెట్ట ఆకుల మీద సున్నంలా పేరుకుపోతే ఆకు వెలుతురు తీసుకోలేదు. నేలలో నత్రజని, లవణాలు పెరిగిపోయి వేరు మాడుతుంది. గూళ్ల కోసం లేత కొమ్మలు విరిచేస్తాయి. కొన్నేళ్లకు చెట్టు మోడవుతుంది. అదే రెట్ట నీళ్లలో కలిసి నాచును, గుర్రపుడెక్కను పెంచుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలిపోతాయి.

ఇక్కడ సర్కారు తుమ్మ గొడవ వస్తుంది. అది బయటి ఖండం నుంచి వచ్చిన మొక్క, మన నేలను ఆక్రమించింది, తీసేయాలి అని పుస్తకం చెబుతుంది. నిజమే. కానీ అనేక పక్షుల చెరువుల్లో గూళ్లు ఎక్కువగా ఉన్నది ఆ ముళ్ల చెట్ల మీదే. మొత్తం ఒకేసారి నరికేస్తే మరుసటి ఏడు పక్షులు వచ్చి వెనుదిరిగిపోతాయి. ముందు దిబ్బలు పోసి నల్లతుమ్మ, కానుగ పెంచాలి. అవి బరువు మోసే స్థాయికి వచ్చాక, గూళ్లు లేని కాలంలో, ఏటా కొద్ది భాగం చొప్పున సర్కారు తుమ్మ తీయాలి.

దిబ్బ పోయడంలోనూ మెళకువ ఉంది. పూర్తి నీటిమట్టానికి కనీసం మీటరు పైన తల ఉండాలి. పక్కలు జారుగా ఉండాలి. పోసిన వెంటనే మొక్క నాటితే మట్టి కుంగి వేళ్లు బయటపడతాయి. ఒక వానాకాలం కుదురుకోనిచ్చి, అంచుల్లో గడ్డి పట్టాక నాటాలి. ఈలోగా ఇనుప గొట్టాలతో కృత్రిమ చెట్లు నిలబెడతారు. ఉప్పలపాడులోనూ, కైకలూరు దగ్గర ఆటపాకలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి. అవి పనికొస్తాయి, కానీ ఉత్త ఇనుము ఎండకు కాలుతుంది, నునుపుగా ఉంటే గూడు నిలవదు. కొబ్బరి తాడు చుట్టి, పైన పుల్లల తడిక కట్టి, చుట్టుపక్కల ఎండుకొమ్మలు వేసి ఉంచితే పక్షులు మిగతా పని చూసుకుంటాయి. నీళ్లలో మునిగి ఉండే కాళ్లకు కాంక్రీటు దిమ్మ లేకపోతే రెండు మూడేళ్లకు తుప్పు పట్టి గూళ్లతో సహా ఒరిగిపోతాయి.

లెక్కపెట్టడం

'ఈ ఏడాది వేల పక్షులొచ్చాయి' అన్న వార్త వల్ల నిర్వహణకు ఉపయోగం తక్కువ. కావాల్సింది మూడు అంకెలు: ఎన్ని గూళ్లు, వాటిలో ఎన్నింట్లో పిల్లలు, ఎన్ని పిల్లలు ఎగిరాయి.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. అందులో వాడేది గుంపుల పద్ధతి. ముందు పది పక్షులను లెక్కపెట్టి, ఆ గుంపు ఎంత జాగా ఆక్రమించిందో కంటికి పట్టించుకుని, అదే కొలతతో మిగతా మందను కొలుస్తారు. దట్టమైన గుంపుల్లో కొత్తవాళ్లు ఎప్పుడూ తక్కువే చెబుతారు. ఫొటో తీసి ఇంట్లో కూర్చుని చుక్కలు పెట్టి సరిచూసుకుంటే కన్ను త్వరగా కుదురుతుంది.

గూళ్లకు ఇద్దరు మనుషుల లెక్క నమ్మదగినది. ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే చెట్ల గుంపును ఇద్దరు పటం మీద గుర్తించాలి. మొదటివారికి 80 గూళ్లు, రెండోవారికి 75 కనిపించాయి, ఇద్దరూ గుర్తించినవి 60 అనుకుందాం. రెండోవారి 75లో మొదటివారు పట్టుకున్నవి 60, అంటే ఐదింట నాలుగు. కాబట్టి మొదటివారి 80 కూడా మొత్తంలో ఐదింట నాలుగు వంతులే అనుకోవాలి. 80ని 75తో హెచ్చించి 60తో భాగిస్తే 100. అంటే ఒక్కరినే నమ్మి ఉంటే కనీసం ఐదో వంతు గూళ్లు లెక్కలోకి రాకుండా పోయేవి.

పిల్లలు బతికే తీరు తెలియాలంటే 50 గూళ్లను ఎంచుకుని, గట్టు మీద ఒకే చోట నుంచి వారానికోసారి ఫొటో తీయాలి. వారంలో మూడు గూళ్లు పాడైతే 'మూడేగా' అనిపిస్తుంది. కానీ ఒక గూటిని ఒక రోజు గమనిస్తే ఒక గూటి దినం అనుకుంటే, 50 గూళ్లు ఏడు రోజులంటే సుమారు 350 గూటి దినాలు. మూడింటిని 350తో భాగిస్తే రోజుకు ఒక శాతం కన్నా తక్కువ నష్టం. అదే నష్టం పొదిగే 30 రోజులూ సాగితే మిగిలేవి 77 శాతమే. పొదగడమయ్యాక పిల్ల ఎదగడానికి ఇంకా నెలలు పడుతుంది. చిన్నగా కనిపించే రోజువారీ నష్టం ఇలా పోగవుతుంది కాబట్టే వారం వారం ఫొటోలు తీయమనేది.

ఈ పనులన్నీ గట్టు మీద నుంచే చేయాలి. గూళ్ల మధ్యకు పడవలో వెళితే పెద్ద పక్షులు లేస్తాయి. మన ఎండలో నీడ పోయిన గుడ్డు, రెక్కలు రాని పిల్ల ఎంతోసేపు తట్టుకోలేవు. కాకులు, గద్దలు ఆ అదను కోసమే కాచుకుని ఉంటాయి. డ్రోను ఎగరేసి వీడియో తీసినా అదే ఫలితం.

చనిపోయిన పక్షి కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. ఒకటి రెండు పిల్లలు గూటి కింద చనిపోవడం సహజం. ఎదిగిన పక్షులు ఒకేరోజు నాలుగైదు పోతే, మెడ వంకరపోయి తూలుతుంటే, పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పాలి. గొంతు, మలద్వారం నుంచి దూదిపుల్లలతో నమూనాలు తీసి, చల్లగా ఉంచి భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపుతారు. విషం అనుమానముంటే పేగు, కడుపులోని తిండి విడిగా భద్రపరచాలి. మిర్చి, పత్తి చేలు చుట్టూ ఉన్న గుంటూరు ప్రాంతంలో పురుగుమందును పక్కన పెట్టి ఏ పక్షి చావునూ చూడలేం. నత్తల కోసం వరి మళ్లలో దిగే నత్తగుల్ల కొంగలకు గుళికల మందు చల్లిన మడి ప్రమాదమే.

గీత బయటి నీరు

విజయవాడవాళ్లకు 2024 సెప్టెంబరు బుడమేరు వరద మరిచిపోలేనిది. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. తమ్మిలేరు, రామిలేరు కూడా అక్కడికే వస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో, చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో అసెంబ్లీ అభయారణ్యం గీతను +3కి తగ్గించాలని తీర్మానించింది. రెండడుగులే కదా అనిపిస్తుంది. కానీ కొల్లేరు పళ్లెం లాంటిది, అంచు చాలా పలచన. +3 గీత లోపల ఉండేది సుమారు 135 చదరపు కిలోమీటర్లే. రెండడుగుల తేడాలో సగానికి పైగా సరస్సు పోతుంది. కొంగలు మేసే జానెడు లోతు నీరు నిలిచేదీ, వరదను తాత్కాలికంగా ఆపుకునేదీ ఆ అంచు భాగంలోనే. గీత లోపల జిరాయితీ భూములున్న రైతుల కష్టం కూడా నిజం. దానికి పరిహారం, కొనుగోలు లాంటి జవాబులు వెతకాలి కానీ, గీత జరిపినంత మాత్రాన నీరు గీతతోపాటు జరగదు.

కృష్ణా అభయారణ్యం సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది. అక్కడ మడ అడవికి ఆటుపోట్ల నీరు వచ్చి వెళ్లాలి. రొయ్యల చెరువు గట్టు ఆ దారిని మూస్తే లోపలి మట్టిలో ఉప్పు పేరుకుని మడ చస్తుంది. చేప ముల్లులా పిల్లకాలువలు తవ్వి నీటిని తిరిగి పంపాకే మొక్కలు నాటాలి. చేపలు వేటాడే బావురుపిల్లి కోసం కెమెరాలు పెట్టేవాళ్లు పోటు మట్టాన్ని ముందు కొలుచుకోకపోతే, పున్నమి పోటుకు కెమెరా మునిగిపోతుంది.

ఎవరి పని ఎవరిది

నిర్ణయాధికారం అటవీ అధికారులది: డీఎఫ్‌ఓ, రేంజి అధికారి, సెక్షన్ అధికారి, బీట్ అధికారి. జీవశాస్త్రవేత్త పదవి చాలాచోట్ల కాంట్రాక్టుదే, సంతకం చేసే అధికారం ఉండదు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం లేదా వన్యప్రాణి శాస్త్రంలో పీజీ ఉన్నవాళ్లను తీసుకుంటారు. డిగ్రీ తరవాత నిజంగా అక్కరకొచ్చేవి: గణాంకాలు, మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్, తెలుగులో ఊరివాళ్లతో ఓపిగ్గా మాట్లాడటం. మూడోది ఏ కోర్సులోనూ నేర్పరు. ఈ ఉద్యోగంలో మనిషి నిలిచేదీ లేనిదీ ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది.

ఆ మాట్లాడటం అవసరమయ్యే చోటు చేపల చెరువు గట్టు. రైతు అప్పు చేసి చేపపిల్లలు వేశాడు, గూడబాతుల గుంపు దిగింది. అతనికి పక్షి మీద కోపం రావడం సహజం. 'అవి రక్షిత పక్షులు' అని చెప్పి వచ్చేస్తే ఆ రాత్రే సన్నని నైలాన్ దారం కట్టేస్తాడు. ఆ దారం పక్షికి కనిపించదు, రెక్క తెగుతుంది. అతనికి చెప్పగలిగిన పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. నష్టం పెద్ద చెరువులో కన్నా చేపపిల్లలుండే నర్సరీ చెరువులో ఎక్కువ. అది చిన్నది కాబట్టి దాన్ని పూర్తిగా కప్పుకోవచ్చు. వల మందంగా, కంటికి కనిపించే రంగులో, బిగుతుగా ఉండాలి. వదులుగా వేలాడితే పక్షి చిక్కుకుంటుంది, వల చిరుగుతుంది, ఇద్దరికీ నష్టం. రెక్కలు విప్పితే రెండున్నర మీటర్ల దాకా ఉండే గూడబాతుకు నీళ్ల మీద దిగడానికి, పరుగెత్తి ఎగరడానికి ఖాళీ కావాలి. పెద్ద చెరువుకు అడ్డంగా బారెడు బారెడు దూరంలో లావు తాళ్లు కట్టి రంగు పీలికలు వేలాడదీస్తే దిగడానికి వెనకాడుతుంది. పట్టుబడి రోజుల్లో నీరు తీసి చేపలు పలచని నీళ్లలో గుమిగూడినప్పుడు పక్షులు ఎటూ వస్తాయి. ఆ రెండు రోజులు మనిషి కాపలా ఉండాల్సిందే. టపాకాయలకు మూడో రోజుకే అలవాటు పడిపోతాయి.